హెచ్చరికల ఇన్‌వార్డు రిజిస్టరు

హెచ్చరిక ఎంత నిజమైనదైనా, దానికి ఇన్‌వార్డు నంబరు పడనంతవరకు అది వట్టి చప్పుడేనని కార్ఖానా అనే పేటలోని ఉత్తర భాగ ట్యాంకర్ నీటి సమన్వయ కార్యాలయం ఈ ఏడాది మార్చి నాలుగో తేదీన తీర్మానించింది. అంతకుముందు మానవజాతి వేల ఏళ్లపాటు నంబరు లేని హెచ్చరికలతోనే కాలక్షేపం చేసింది. వరదొస్తోందని ఒకడు అరిస్తే మిగతావాళ్లు గట్టెక్కేవారు. అరిచినవాడి తండ్రి పేరు, చిరునామా, జతపరచిన పత్రాల వివరం ఎవరూ అడిగేవారు కారు. అంతటి అరాచకంలో జనం ఎలా బతికి బట్టకట్టారో కార్యాలయానికి నేటికీ అర్థం కాలేదు.

ఈ తీర్మానానికి కారకుడు, దాని కింద ముద్దాయి, దాన్ని అమలుచేసిన సాంకేతిక సలహాదారు ఒక్కరే. పేరు యుగంధర్. తొమ్మిదేళ్లుగా ఆ కార్యాలయంలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న కంప్యూటర్ మనిషి. ఉండేది అల్వాల్‌లో. అబద్ధం ఆడటం రాదు, అవసరమైనప్పుడు నోరు మూసుకోవడం అసలే రాదు. ఈ రెండు లోపాలున్నవాడు ప్రభుత్వ ప్రాంగణంలో తొమ్మిదేళ్లు నిలదొక్కుకోవడానికి కారణం, అతని గదిలోకి ఎవరూ రాకపోవడమే.

ఆ గదిలో ‘పంపకం’ అనే ప్రోగ్రాం ఉంది. రోజూ ఉదయం ఐదింటికి అది తనంతట తాను లేచి, ఏ గల్లీకి ఏ ట్యాంకరు వెళ్లాలో లెక్కగట్టి, డ్రైవర్లకు చీటీలు అచ్చువేస్తుంది. పేతురు అనే ఉద్యోగి ఇరవై ఏళ్ల కిందట పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో దాన్ని రాశాడు. రాసినాయన రిటైరై మౌలాలిలో కోళ్లు పెంచుకుంటున్నాడు, రాసింది మాత్రం ఇంకా డ్యూటీలో ఉంది. పెర్ల్‌కు ఒక గుణం ఉంది. పనిచేస్తూనే సణుగుతుంది. ఫలానా లైనులో అంకె ఉండాల్సిన చోట అక్షరం ఉందని, ఫలానా చోట అసలేమీ లేదని స్క్రీన్ మీద ఒక్కొక్క వాక్యం వదులుతూ పోతుంది, పని మాత్రం ఆపదు. దీన్ని వార్నింగ్ అంటారు. మరీ భరించలేనిది ఎదురైతే మాత్రం కారణం చెప్పి, కాళ్లు బారచాపి కూర్చుంటుంది. అది ఎర్రర్.

యుగంధర్ ఐదున్నరకల్లా వచ్చి, టీ తాగుతూ ఆ సణుగుడంతా చదివేవాడు. ఏ గల్లీ పేరు తప్పిందో చూసి, చేత్తో సరిదిద్ది, చీటీలు డ్రైవర్లకు ఇచ్చేవాడు. పావుగంట పని. దానికి రిజిస్టరు లేదు, నమూనా లేదు, పై అధికారి సంతకం లేదు. బహుశా అందుకే అది సజావుగా సాగింది.

ఫిబ్రవరి చివర్లో సంయుక్త సమన్వయాధికారిగా రామభద్రరావు గారు వచ్చారు. కాకినాడ వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన కుటుంబం, మెత్తటి మాట, ఎంత కోపంలోనూ ‘అండీ’ జారదు. (ఆయన సస్పెండ్ చేసినవాళ్లు కూడా ఆ మర్యాదను ఇప్పటికీ మెచ్చుకుంటారు.) కార్యాలయంలో అన్ని గదులూ తనిఖీ చేస్తూ ఆయన యుగంధర్ గదికి వచ్చేసరికి స్క్రీన్ మీద నలభై మూడు వార్నింగులు ఉన్నాయి.

“ఇది ఎవర్ని హెచ్చరిస్తోందండీ?” అని అడిగారు.

“మనల్నే సార్,” అన్నాడు యుగంధర్.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. రామభద్రరావు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక కార్యాలయాన్ని, తెల్లారి టీ అయినా తాగకముందే, నలభై మూడు సార్లు హెచ్చరించే అధికారం దీనికి ఎవరిచ్చారని అడిగారు. దీని హోదా ఏమిటి, ఇది ఏ గ్రేడులో ఉంది, రిటైరైన ఒక మనిషి తన ప్రోగ్రాం ద్వారా ఉద్యోగంలో ఉన్నవారిని మందలించడం ఏ నిబంధన ప్రకారం అని కూడా అడిగారు. యుగంధర్ ఊరుకుంటే పోయేది. కానీ కొరివితో తల గోక్కునేవాడికి ఎవరు చెప్పగలరు? పెర్ల్‌లో ఒక ఏర్పాటు ఉందని, ముందుగా ఒక కాపలావాణ్ని నిలబెడితే వార్నింగులన్నీ స్క్రీన్ మీదికి రాకుండా వాడి చేతికే చిక్కుతాయని చెప్పేశాడు.

“అయితే పట్టుకోవచ్చన్నమాట.”

“పట్టుకోవచ్చు సార్. పట్టుకునేది చదివి సరిచేసేతందుకే...”

ఆ రెండో వాక్యం పూర్తయ్యేలోపు ఆయన సర్క్యులర్ చెప్పి రాయించడం మొదలుపెట్టారు.

సర్క్యులర్‌లో పద్నాలుగు నిబంధనలున్నాయి. పట్టుబడిన ప్రతి హెచ్చరికనూ అచ్చుతీసి, ఇన్‌వార్డు నంబరు వేసి, తెలుపు, గులాబీ, పసుపు ప్రతులుగా మూడు చోట్లకు పంపాలి. ఏడు పనిదినాల్లో పరిష్కరించాలి. (పరిష్కరించడం అంటే మూసివేయడం అని మూడో నిబంధన కింద వివరణ.) విచారణ ముగిసేదాకా హెచ్చరికలోని విషయం గోప్యం, దాని మీద ఎవరూ ఎలాంటి చర్యా తీసుకోరాదు. తొమ్మిదో నిబంధన యుగంధర్‌కు సంబంధించింది. ప్రోగ్రాం అతని అజమాయిషీలో ఉంది కనుక, దాని హెచ్చరికలు అతనే చదవడం దొంగే తీర్పు చెప్పినట్టు అవుతుంది, కాబట్టి చదవరాదు.

ఈ బరువంతా మోయడానికి హెచ్చరికల విభాగం అని ఒక టేబుల్ ఏర్పడింది. ఆ టేబుల్ వెనక కాంతమణి అనే సీనియర్ గుమస్తాను కూర్చోబెట్టారు. ఆవిడ రోజుకు నలభై మూడు ఫారాలు నింపేది. హెచ్చరించినవారి పేరు: పంపకం. తండ్రి పేరు: పేతురు. వయసు తెలియక ఒక రోజు ఆ గడి వదిలేస్తే, గడి ఖాళీగా ఉందన్న అభ్యంతరంతో నలభై మూడు ఫారాలూ తిరిగొచ్చాయి. (కంప్యూటర్ అదే మాట అంటే ధిక్కారం, విభాగం అంటే పద్ధతి.) రెండో వారంలో, రోజూ ఇన్నిసార్లు ఎందుకు హెచ్చరిస్తున్నారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని ప్రోగ్రాంకు నోటీసు జారీచేసి, కంప్యూటర్ డబ్బాకు అతికించారు. మర్నాడు వార్నింగులు నలభై నాలుగు వచ్చాయి. నలభై నాలుగోదాన్ని సంజాయిషీగా స్వీకరించి, అసంతృప్తికరం అని రాశారు.

యుగంధర్ మాత్రం ఐదున్నరకే వచ్చి, ఖాళీ స్క్రీన్ ముందు టీ తాగేవాడు. చీటీలు ఇప్పుడు అతని చేతి మీదుగా కాక నేరుగా డ్రైవర్లకే పోయేవి, పేరు కాస్త అటూ ఇటూ అయినా వాళ్లే పోల్చుకునేవారు. నిజం చెప్పాలంటే మొదటి వారం అతనికి హాయిగానే ఉంది. పొద్దున్నే ఎవరూ తనను ఏమీ అనకపోవడంలో ఉన్న సుఖం పెళ్లయిన పదకొండేళ్లలో అతనికి దక్కడం అదే మొదటిసారి.

మార్చి పదిహేడున గల్లీల కొత్త జాబితా వచ్చింది. అల్వాల్‌లోని రెండో పోచమ్మ గల్లీకి కొత్త పేరు పెట్టాలని పైన ఎవరో తలపెట్టారు. రెండు పేర్ల మధ్య తేలలేదు. తేలేదాకా పాత పేరు తీసేసి, గడి ఖాళీగా ఉంచారు. మర్నాడు పంపకం ఆ గడి దగ్గర తడుముకుని, 412వ లైనులో గల్లీ పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదని యథాప్రకారం సణిగింది. కాపలావాడు పట్టుకున్నాడు. కాంతమణి 611 అని నంబరు వేసింది. గల్లీ పేరు లేని చీటీ అచ్చయి డ్రైవర్ జంగయ్య చేతికి వెళ్లింది.

జంగయ్య పదేళ్లుగా ఆ గల్లీకే నీళ్లు తోలుతున్నాడు. కళ్లకు గంతలు కట్టినా పోగలడు. కానీ బండికి ఇప్పుడు జీపీఎస్ ఉంది. చీటీ మీద లేని చోటికి బండి పోతే దాన్ని దారిమళ్లింపు అంటారు, కిందటేడాది ఒకడి లైసెన్స్ దానితోనే పోయింది. జంగయ్య చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మీద ఉన్న చిరునామా ఒక్కటే, పైన అచ్చువేసిన కార్యాలయం చిరునామా. బండిని గేటు లోపలికి తిప్పి, ఐదువేల లీటర్లు కార్యాలయం సంపులో వదిలి, గేటు వాచ్‌మన్ చేత అందినట్టు సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి రోజూ అదే వరస. సంపు నిండాక నీళ్లు పొర్లి, ఎండిపోయిన క్రోటన్ మొక్కలు వారం తిరిగేసరికి చిగురించాయి. రామభద్రరావు గారు అది క్రమశిక్షణ ఫలితమని భావించారు.

రెండో పోచమ్మ గల్లీలో కర్రీ పాయింట్ నడిపే అనసూయమ్మ యుగంధర్ భార్య హిమజకు తల్లి. పద్నాలుగేళ్లుగా ఆవిడ చేసే తొమ్మిది రకాల కూరలతో ఆ చుట్టుపక్కల సగం ఇళ్లు మధ్యాహ్నం గడుస్తాయి. కూర అంటే మొదట కడగడం, తర్వాతే వండడం. బోరు ఎండిపోయి మూడేళ్లయింది, ట్యాంకరే దిక్కు. మొదటి మూడు రోజులు పక్క గల్లీ నుంచి బిందెలతో మోసింది. ఆరో రోజుకు తొమ్మిది కూరలు రెండయ్యాయి. ఏడో రోజు పక్క గల్లీవాళ్లు మొహం చాటేశారు. ఆ సాయంత్రం అల్లుణ్ని పిలిచి కూర్చోబెట్టింది.

“బిడ్డా, మీ ఆఫీసుల లిస్టు తీసేది నువ్వే గద. మా గల్లీ ఏం పాపం జేసింది?”

యుగంధర్ కనుక్కుంటానన్నాడు. కనుక్కోవడానికి ఏమీ లేదు. కార్యాలయం ఆవరణలో రోజూ పొర్లుతున్న నీళ్లు చూస్తూ అది ఏదో అదనపు ట్యాంకరు అనుకున్నవాడికి, బస్సులో తిరిగి వెళ్తుండగా సంగతి తట్టింది. మర్నాడు జంగయ్య చీటీ అడిగి చూశాడు. అంతే. ఎక్కడ ఏ గడి ఖాళీగా ఉందో, పంపకం ఏ లైనులో ఏమని సణిగి ఉంటుందో చదవకుండానే అతనికి అక్షరం అక్షరం తెలిసిపోయింది. మొదటి వారం నాటి హాయి ఒక్కసారిగా వెగటైంది.

నేరుగా కాంతమణి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ తల ఎత్తకుండానే 611 దగ్గర రిజిస్టరు తెరిచింది. గల్లీ పేరు లేని సంగతి తనకు మొదటి రోజు నుంచీ తెలుసని ఒప్పుకుంది.

“నేను సుత చదివిన యుగంధర్. చదివినట్టు రాసేతందుకు ఇండ్ల గడి లేదు.”

ఇక పై అధికారి దగ్గరికి పోక తప్పలేదు. పాత పేరు మళ్లీ టైపు చేస్తే చాలని, అర నిమిషం పనని యుగంధర్ విన్నవించాడు. రామభద్రరావు గారు ఓపిగ్గా విన్నారు. పేరు పెడితే హెచ్చరిక ఆగిపోతుందని, విచారణలో ఉన్న హెచ్చరికను ఆపేస్తే సాక్ష్యం తారుమారు చేసినట్టవుతుందని, తొమ్మిదేళ్ల సర్వీసు ఉన్నవాడు ఇలా ఆలోచించడం తనను బాధించిందని చెప్పారు. అసలు చదవకూడని హెచ్చరికలో ఏముందో అతనికెలా తెలిసిందని మాత్రం ఆయన అడగలేదు. అది ఆయన మంచితనం.

యుగంధర్‌కు అప్పుడు ఒకే ఒక్క ఆశ మిగిలింది, అది పేతురు. మొండి మనిషి కనుక పేతురు ప్రోగ్రాంలో ఒకచోట మొండిగా ఒక షరతు రాసిపెట్టాడు. పేరుతో పనిలేకుండా గల్లీ కోడ్ నంబరును బట్టి (రెండో పోచమ్మ గల్లీది పదిహేడు) చూసి, ఏ గల్లీకైనా వరుసగా పది రోజులు నీళ్లు అందకపోతే పదకొండో రోజు ప్రోగ్రాం ఆగిపోతుంది. వార్నింగ్ కాదు, ఎర్రర్. ఎవరో వచ్చి సరిచేసేదాకా ఎవరికీ చీటీ ఇవ్వదు. ఆ షరతును తొమ్మిదేళ్లుగా తిట్టుకున్న యుగంధర్, ఇప్పుడు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టసాగాడు. అత్తకు ఇంకో మూడు రోజులని మాటిచ్చాడు కూడా.

పదకొండో రోజు పంపకం మాట నిలబెట్టుకుంది. ఐదింటికి లేచి, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పేతురు పద్ధతిలో, స్క్రీన్ మీద ఒకే ఒక్క వాక్యం వేసి ఆగిపోయింది. ‘పదిహేడో నంబరు గల్లీకి పది దినాల సంది నీళ్లు లేవు, అది చూడకుండ నేను చీటీ ఇయ్య.’ అరవై రెండు ట్యాంకర్లు కార్ఖానా రోడ్డు మీద బారులు తీరాయి. బళ్లు ఆగి, హారన్లు మోగి, రామభద్రరావు గారు నడకకు వెళ్తూ వెళ్తూ ఆ బూట్లతోనే వచ్చారు.

స్క్రీన్ మీది వాక్యం రెండుసార్లు చదివారు. నీళ్లు లేవన్న ముక్క ఆయన కంట పడలేదు, ‘ఇయ్య’ అన్న ముక్క పడింది. ఇది సహాయ నిరాకరణ అన్నారు. దీన్ని పట్టుకునే ఏర్పాటు కూడా ఉందా అని అడిగారు.

లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. బయట హారన్లు మోగుతున్నాయి, ఎదురుగా పై అధికారి నిలబడి ఉన్నారు, లోపల అబద్ధం ఆడలేని జబ్బు. ఉందన్నాడు యుగంధర్. ఆ భాగం చుట్టూ ఒక కంచె వేస్తే, అది కంచెలోపలే కూలుతుందని, మిగతా ప్రోగ్రాం ఏమీ ఎరగనట్టు ముందుకు సాగుతుందని వివరించాడు. కూలిన కారణం ఒకచోట నిలిచి ఉంటుంది. అయితే దాన్ని వెంటనే చూసుకోవాలి, ఇంకో కంచె దాటేసరికి పాత కారణం చెరిగిపోతుందని హెచ్చరించాడు.

రామభద్రరావు గారి ముఖం వెలిగింది. “ఎంత చక్కటి ఏర్పాటండీ. తనంతట తానే పరిష్కారమయ్యే ఫిర్యాదు!”

కంచె వేయడానికి పది నిమిషాలు పట్టింది. వేసింది యుగంధరే. అరవై ఒక్క ట్యాంకర్లు అరవై ఒక్క గల్లీలకు వెళ్లాయి, అరవై రెండోది సంపు దగ్గరికి వచ్చింది. స్క్రీన్ మీద ‘విజయవంతంగా పూర్తయినది’ అని పడింది. యుగంధర్‌కు సిగ్గేసింది. పేతురు ఎదురుగా లేడు కాబట్టి సరిపోయింది కానీ, ఉంటే ముఖం చూపించలేకపోయేవాడు.

రెండు రోజులు చూసి, అనసూయమ్మ గల్లీలోని మరో ఇద్దరు ఆడవాళ్లతో బస్సెక్కి కార్యాలయానికి వచ్చింది. ఫిర్యాదు ఫారం ఇచ్చారు. గల్లీ పేరు రాయాలి. రాసింది. ఆ పేరు జాబితాలో లేదని, జాబితాలో లేని గల్లీ నుంచి ఫిర్యాదు తీసుకునే వీలు లేదని, ముందు గల్లీ ఉన్నట్టు ధ్రువపత్రం తెచ్చుకోవాలని చెప్పారు. ఆవిడ బయటికొచ్చి, సంపు మీంచి పొర్లి మొక్కల పాదుల్లోకి పోతున్న నీళ్ల దగ్గర నిలబడింది. వరండాలోకి వచ్చిన అల్లుణ్ని అక్కణ్నించే అడిగింది.

“గివి మా నీళ్లేనా బిడ్డా?”

“మీవే అత్తమ్మా.”

“నీకు ఎర్కనేనా?”

యుగంధర్ తల ఊపాడు. ఆవిడ మిగతా ఇద్దరినీ తీసుకుని బస్టాపు వైపు నడిచింది. తిట్టి ఉంటే బాగుండేదని అతను ఆ రోజంతా అనుకున్నాడు.

ఏప్రిల్ తొమ్మిదిన సమీక్షా సమావేశం జరిగింది. ఎజెండాలో మొదటి అంశం, స్క్రీన్ మీద హెచ్చరికలు సున్నాకు చేరినందుకు హర్షం. రెండోది, ఉత్తమ పచ్చని ప్రాంగణంగా కార్యాలయం పేరు సిఫారసు. ఎవరైనా ఏమైనా చెప్పదలిస్తే చెప్పవచ్చని రామభద్రరావు గారు మర్యాదకు అన్నారు. అలాంటి మాటకు లేచి నిలబడకూడదని ఆ గదిలో యుగంధర్‌కు తప్ప అందరికీ తెలుసు.

“సార్, 412వ లైనుల గల్లీ పేరు ఖాళీగ ఉంది. అది రెండో పోచమ్మ గల్లీ. ఇరవై మూడు రోజుల సంది ఆ గల్లీ నీళ్లు మన చెట్లకు పోతున్నయ్. అక్కడ నూటపది ఇండ్లు ఉన్నయ్. అందరికీ ఎర్క ఇది, నాకు అందరికన్న ముందు ఎర్క.”

రామభద్రరావు గారు ఏమాత్రం తొణకలేదు. విన్నది విన్నట్టు తలపంకించి, కాంతమణి వైపు తిరిగారు.

“దీన్ని కూడా పట్టండి.”

కాంతమణి 1616 అని నంబరు వేసింది. హెచ్చరించినవారి పేరు: యుగంధర్. తండ్రి పేరు: సదాశివ. వయసు అడిగి రాసింది. గులాబీ, పసుపు ప్రతులు తయారయ్యాయి, కానీ నోటిమాట కాబట్టి అసలు ప్రతి అయిన తెల్ల ప్రతి లేదు. అసలు ప్రతిని రికార్డు గదిలో భద్రపరచాలని నాలుగో నిబంధన. అసలు ప్రతి అంటే చెప్పిన మనిషే అని చర్చించి తేల్చారు. చొక్కా గుండీకి నంబరు చీటీ కట్టి, యుగంధర్‌ను రికార్డు గదిలో ఫైళ్ల బీరువాల మధ్య ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. రోజూ పదింటికి వచ్చి, ఐదింటిదాకా అక్కడే ఉండాలి, విషయం గోప్యం గనుక ఎవరితోనూ మాట్లాడరాదు. (మధ్యాహ్నం అరగంట భోజనానికి బయటికి ఇచ్చేవారు, ఇచ్చినట్టు కదలికల రిజిస్టరులో రాసేవారు.) రెండో శనివారం, ఆదివారం, ఒక పండుగ కలిపి ఏడు పనిదినాలు పదిరోజులయ్యాయి. ఈ పదిరోజులూ పంపకం తన పని తాను చేసింది. ఒక్కరోజు కూడా విజయవంతం కాకుండా లేదు.

ఎనిమిదో పనిదినాన 1616 పరిష్కారమైంది. గుండీకున్న చీటీ విప్పి, ఉత్తర్వు ప్రతి ఒకటి అతని చేతికిచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నారు. దాన్ని పట్టుకుని యుగంధర్ ఇంటికి పోకుండా నేరుగా రెండో పోచమ్మ గల్లీకి వెళ్లాడు. అనసూయమ్మ ఖాళీ గిన్నెలు బోర్లించి దుకాణం ముందు కూర్చుని ఉంది. అతను ఉత్తర్వు చదివి వినిపించాడు.

‘హెచ్చరిక నం. 1616 కూలంకషముగా పరిశీలించబడినది. అందలి విషయము వాస్తవమే. అయినను నిర్ణీత నమూనాలో, నిర్ణీత మార్గమున అందనందున తదుపరి చర్య అవసరము లేదు. పరిష్కరించబడినదిగా మూసివేయడమైనది.’

“అంటే ఏమన్నట్టు బిడ్డా?”

“నేను చెప్పింది నిజమే అని రాసిన్రు అత్తమ్మా.”

“మరి నీళ్లు?”

“నీళ్ల సంగతి రాయలే.”

అనసూయమ్మ ఆ కాగితం తీసుకుని, లేచి షట్టరు కిందికి లాగింది. మైదా జిగురు కలపడానికి నీళ్లు లేక, పక్క దుకాణంలో టేపు అడిగి తెచ్చి, ఉత్తర్వును షట్టరు మీద నలువైపులా గట్టిగా అతికించింది. ‘మూసివేయడమైనది’ అన్న మాట కింద కార్యాలయం గుండ్రటి సీలు స్పష్టంగా పడి ఉండటంతో, దుకాణం ఎందుకు మూశారని ఆ తర్వాత ఎవరూ అడగలేదు.